గట్టు మీద అడగాల్సిన మాట

మిరప కోతకు వెళ్ళే ఆడవాళ్ళ ఫోటోలు మీరు పేపర్లో చూసే ఉంటారు. ఎర్రటి కల్లం, దాని మధ్య రంగురంగుల చీరలు. ఫోటోలో బాగుంటుంది. ఆ చీరల మీద మేం తొడుక్కునేవి మగవాళ్ళ పాత చొక్కాలని, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు వెనక ముక్కూ కళ్ళూ కారుతూనే ఉంటాయని ఫోటోలో తెలియదు. ఈ ఏడు నేనూ వెళ్ళాను, అదీ ముఠాకు మేస్త్రిగా. పాప నిద్రపోయాక కొంచెం కొంచెంగా ఇది రాస్తున్నాను.

మా ఊరు

మాది మార్కాపురం వైపు పల్లె. ఎర్ర నేల, రాళ్ళు. వాన పడితే కంది పండుతుంది, పడకపోతే చూస్తూ కూర్చోవడమే. అందుకే ఏటా మాఘమాసం వచ్చేసరికి మా ఊరి ఆడవాళ్ళు ముఠా కట్టి గుంటూరు వైపు మిరప కోతలకు వెళతారు. ఆ ముఠాకు మా అత్తయ్యే మేస్త్రి. రైతుతో మాట్లాడటం, బండి కుదర్చటం, కూలి తేల్చటం, ఎవరికైనా జ్వరం వస్తే చూసుకోవటం, అన్నీ ఆమే. ఈసారి మోకాలు వాచి మంచం దిగలేకపోయింది. చూడటానికి వచ్చినవాళ్ళందరి ముందూ "మా మాధవి వస్తది మీతో" అని చెప్పేసింది. నన్ను ముందుగా అడగలేదు.

నేను బీకాం చదివాను. కానీ కొత్త మనిషిని ఏదీ అడగలేను. బస్సులో దిగాల్సిన చోట ఆపమని అడగలేక, ఎవరో దిగేదాకా కూర్చుని వెనక్కి నడిచి వచ్చిన రోజులున్నాయి. పైగా ఏడాది దాటిన పాప, ఇంకా పాలు మానలేదు. మా ఆయన లారీ మీద ఏ రాష్ట్రంలో ఉంటాడో ఆయనకే తెలియదు. చంటిదాన్ని వదిలి వెళ్ళలేను, తీసుకెళ్ళలేను. చివరికి తీసుకెళ్ళాను.

కాలేజీలో మాకు వ్యక్తిత్వ వికాసం మీద ఒక సారు వచ్చి చెప్పేవారు. దేనికి భయపడతామో దానివైపే నడవాలట. నడిస్తే భయం చచ్చిపోయి, ఆ స్థానంలో నాయకుడు పుడతాడట. క్లాసంతా చప్పట్లు కొట్టాం. నేను కొంచెం గట్టిగానే కొట్టాను.

అత్తయ్య అంత పెద్ద మాటలు చెప్పలేదు. "తీసకపోయినోళ్ళను తీసకపోయినట్టే ఇంటికి తీసకరా. మేస్త్రి అంటే అంతే" అంది. తర్వాత గట్టు మీద అడగాల్సినవి నేర్పింది. కూలి ఎంత, తాగే నీళ్ళు ఎక్కడ, చేనికి మందు ఎప్పుడు కొట్టారు. "ఇయ్యి తేలేదాకా చెప్పులు ఇప్పమాక."

ఆ చెప్పుల సంగతి మీకు చెప్పాలి. మా ముఠాల్లో ఎవరూ తమంతట తాము చేలోకి దిగరు. రైతుతో మాట అయ్యాక మేస్త్రి తన చెప్పులు విప్పి గట్టు మీద పెడుతుంది. అది చూసి మిగతావాళ్ళూ విప్పి సాళ్ళలోకి దిగుతారు. దిగండి అని నోటితో చెప్పటం ఉండదు. చెప్పులు విప్పటమే మాట.

వినుకొండ దాటాక

తెల్లవారక ముందే ట్రాలీ ఆటోలో ఎక్కాం. మూటలు, గిన్నెలు, బియ్యం బస్తాల మీద మనుషులు. నా సంచిలో థర్మామీటరు, జ్వరం మందు, కాచిన నీళ్ళ ఫ్లాస్కు, దోమతెర, రెండు రకాల సబ్బులు. ఎదురుగా కూర్చున్న సుబ్బులు చిన్నత్త అదంతా చూసి నవ్వింది. ఆమె మా అత్తయ్యకు చెల్లెలి వరస. అత్తయ్య తర్వాత మేస్త్రి తానే అవుతానని చాలా ఏళ్ళుగా అనుకుంటున్న మనిషి.

"ఏందే అది, మెడికల్ షాపు పెడతన్నావా సత్తెనపల్లిలో?"

"పాపకు చిన్నత్తా."

"మా పిల్లలు మిరపసాళ్ళల్లోనే పాకారు. ఒక్కడూ చావలా." పక్కనామె వైపు తిరిగి, "బీకాం మేస్త్రమ్మే మనకి. ఇంక కూలి ఇంగిలీషులో అడుగుద్ది" అంది. బండంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడుస్తానేమోనని.

వినుకొండ దాటాక నేల రంగు మారింది. నల్లరేగడి. రోడ్డుకు రెండు వైపులా పత్తి మోళ్ళు, మిరప చేలు, నీళ్ళు పారుతున్న కాలువ. కాలువలో నీళ్ళు ఊరికే పోతుంటే మావాళ్ళు తల తిప్పి తిప్పి చూశారు. నరసరావుపేట దగ్గర టీ తాగాం. పది రూపాయల టీ, గుటకలో అయిపోయింది. పునుగుల ప్లేటు ముప్ఫై అంటే సుబ్బులు చిన్నత్త కొట్టువాణ్ణి "పునుగులోనా బంగారం పెట్టింది?" అని అడిగింది. అతను నవ్వి ఇంకో రెండు వేశాడు. అంత తేలిగ్గా ఆమె అడగగలదు. నేను పక్కన నిలబడి, రేపు గట్టు మీద రైతుతో అనాల్సిన మాటలు లోలోపల వల్లిస్తున్నాను.

సత్తెనపల్లి పక్కన

రైతు తన ట్రాక్టరు షెడ్డు మాకు ఖాళీ చేయించాడు. నలభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడతాడు గానీ చెడ్డవాడు కాదు. ఆయన భార్య ఆ సాయంత్రం గోంగూర, పండుమిరప పచ్చడి పంపింది. మా ఇళ్ళల్లో పచ్చడి వేలితో రాసుకుంటాం. ఇక్కడ ముద్దకు ముద్ద కలుపుతారు. తిని అందరం నీళ్ళ బిందె చుట్టూ చేరాం. ఇక్కడ మాకు పేర్లు ఉండవని కూడా ఆ రోజే తెలిసింది. చిన్నాపెద్దా అందరం "పడమటోళ్ళు."

తెల్లారి చేనికి వెళ్ళాం. ముందు రోజు కాలువ నీరు పారించారు. గట్టు మీద రేగడి బురద బంకలా ఉంది. పాప చంకలో, సంచి భుజాన, ఒక్కో అడుగుకూ చెప్పులకు బురద పెళ్ళలు పెళ్ళలుగా అంటుకుంటోంది. రైతు కొంచెం దూరంలో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆయన వైపు నడవబోయి జారాను. పాప కింద పడుతుందన్న భయంతో కాళ్ళు విదిలించి చెప్పులు వదిలేశాను.

వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే నా ముఠా మొత్తం చెప్పులు విప్పేసి సాళ్ళలోకి దిగిపోతోంది.

మా ఎర్రనేలలో చెప్పులకు బురద అంటదు. అత్తయ్యకు ఈ నేల అలవాటు, గట్టిగా నిలబడటం తెలుసు. నాకు తెలియదు. ఒక్క కేక వేస్తే వాళ్ళు ఆగేవాళ్ళు. ఆగండి, ఇంకా అడగలేదు అంటే చాలు. రైతు ఫోన్ పెట్టేసి నా వైపు చూస్తున్నాడు. ఇప్పుడు పిలిస్తే ఈ పిల్లకు మేస్త్రి పనే రాదని అందరికీ తెలిసిపోతుంది. నోరు తెరిచాను. మాట రాలేదు.

"పాత కూలేగా అమ్మాయ్?" అన్నాడు ఆయన.

తల ఊపాను. నీళ్ళ సంగతి ఆయనే చెప్పాడు. మందు సంగతి నేను అడగలేదు.

పాపను వేపచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెట్టి నేనూ దిగాను. ఆకుల మీద తెల్లటి పొర కనిపించింది. మంచు అనుకున్నాను, అనుకోవాలని అనుకున్నాను. ఎండ ఎక్కేసరికి ఘాటు వాసన వచ్చింది. మిరప ఘాటు వేరు, ఇది వేరు. సాళ్ళలో అందరూ మాటలు తగ్గించారు.

అన్నాల వేళకు ముందే సుబ్బులు చిన్నత్త సాల్లో కూర్చుండిపోయింది. "కళ్ళు మసకగా ఉన్నయ్యే" అంది. తర్వాత వాంతులు. నోటి నుంచి చొంగ ఆగటం లేదు. రైతే పరుగెత్తుకొచ్చి బైకు తెచ్చాడు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, వెనక నేను పట్టుకుని, పాపను మిగతావాళ్ళకు వదిలి వెళ్ళాం. అంతకుముందు ఎన్నడూ పాపను ఎవరికీ వదల్లేదు.

ఆసుపత్రి వరండా

డాక్టరు ఆమె చీర మార్పించి, ఒళ్ళంతా సబ్బుతో కడిగించి, సూదులు వేసి, సెలైన్ పెట్టించాడు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పి వెళ్ళాడు. వరండాలో రైతు నా పక్కన నిలబడ్డాడు. ఆయన ముఖం కూడా పాలిపోయింది.

"నిన్న మాపున కొట్టించానమ్మా మందు. మీరు చేలో దిగేది ఇవాళని తెలుసు గానీ, తామర పురుగు ఆగుద్దా?"

"చెప్పలేదేంటండీ?"

"నువ్వు అడగలా. మీ అత్తయితే అడిగేది. అడిగితే చెప్పేవాణ్ణి, ఆ పక్క చేనికి పంపేవాణ్ణి." కోపంగా అనలేదు. ఉన్నదున్నట్టు అన్నాడు. కోప్పడితే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఆ సాయంత్రం షెడ్డుకు వచ్చి రెండు సబ్బులతోనూ మార్చి మార్చి స్నానం చేశాను. చేతులు కడిగాను, వాసన చూశాను, మళ్ళీ కడిగాను. కడిగితే చాలు, పాలివ్వచ్చని డాక్టరు చెప్పాడు. అయినా ధైర్యం చాలలేదు. పాప ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పాలు వాటంతటవే వచ్చి జాకెట్టు తడిసింది. అటు తిరిగి పడుకుని బిస్కెట్ నీళ్ళలో ముంచి పెట్టాను. పక్కన ఎవరో అత్తయ్యకు ఫోన్ చేసి చెబుతున్నారు. నాకు ఇవ్వమని అత్తయ్య అడగలేదు.

మర్నాటి నుంచి రైతు చూపించిన పక్క చేను కోశాం. రెండు రోజులకు సుబ్బులు చిన్నత్త తిరిగొచ్చింది. చెంపలు పీక్కుపోయాయి. నన్ను చూసి, "నువ్వెందుకే ఏడవటం? కక్కింది నేను గదా" అంది. అందరూ నవ్వారు. చెప్పుల సంగతి నేను చెప్పాను. అందరూ వినేలాగే చెప్పాను. ఆమె నా కాళ్ళ వైపు చూసింది.

"బురదకు ఇప్పావా?"

"ఆఁ."

"పిలవలేకపోయావా?"

"భయమేసింది."

"ఎవురికి? ఆయనకా?"

"మీకు" అన్నాను. నిజమే. రైతు కన్నా వీళ్ళ నవ్వుకే ఎక్కువ భయపడ్డానని ఆ మాట అన్నాకే నాకు తెలిసింది.

పర్చూరు

సత్తెనపల్లి చేను అయ్యాక పర్చూరు వైపు ఒక రైతు పిలిస్తే వెళ్ళాం. అప్పటికే కొందరు ఇంటికి పోదామని గుసగుసలు మొదలుపెట్టారు. అక్కడ పొగాకు ఎండబెట్టే బారన్ల పక్కన పాక ఇచ్చారు. ఎండుతున్న పొగాకు వాసనకు మొదటి రోజు తల తిరిగింది, మర్నాటికి అలవాటైంది. ఇడ్లీలోకి ఇక్కడ అల్లం చట్నీ వేస్తారు. నాలుగు ఇడ్లీలు ముప్ఫై. పాప మొదటిసారి ఇడ్లీ తనంతట తాను తింది. ఆ సంతోషం కాసేపు ఉంది.

చేను గట్టున రైతు బండి మీదే కూర్చుని ఉన్నాడు. నా కాళ్ళు చెప్పుల్లోనే ఉన్నాయి. పాపను ఇంకొకరికి ఇచ్చాను.

"మందు ఎప్పుడు కొట్టారండీ?"

"ఆఁ?"

వెనక నుంచి సుబ్బులు చిన్నత్త, "గట్టిగా అడగవే, మిరపకాయలకు చెప్తన్నావా ఏంది" అంది.

మళ్ళీ అడిగాను. ఈసారి నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

"నిన్న కొట్టాం. అయితే ఏంది?"

"రెండు రోజులు ఆగి దిగుతామండి. మావాళ్ళకు ఒకసారి అయింది."

"కాయ ఆగుద్దా అమ్మాయ్? పండి రాలిపోతన్నయ్." నన్ను కిందికీ పైకీ చూశాడు. "కొత్తగా వచ్చావా మేస్త్రిగా?"

"కొత్తేనండి. అయినా దిగం."

ఆయన బండి స్టార్ట్ చేశాడు. "ఎల్లుండి రండి, చూద్దాం" అని వెళ్ళిపోయాడు.

నేను అడిగాను. వద్దన్నాను. చప్పట్ల క్లాసులో చెప్పిన దాని ప్రకారం అప్పుడే నాలో ఎవరో పుట్టాలి. ఎవరూ పుట్టలేదు. వెనక్కి తిరిగితే ఎవరి ముఖంలోనూ మెప్పు లేదు. రెండు రోజులు కూలి పోయిందన్న లెక్క ఉంది. "మీ అత్తయితే పక్క చేను అడిగేది" అని ఒకామె అంది. అది నాకు తట్టనే లేదు. పరుగెత్తుకెళ్ళి అడుగుదామంటే బండి అప్పటికే కనపడకుండా పోయింది.

వాడరేవు

ఖాళీగా కూర్చుంటే గొడవలవుతాయని సుబ్బులు చిన్నత్తే ఆటో మాట్లాడింది. మాలో చాలామంది సముద్రం చూడలేదు. చీరాల మీదుగా వాడరేవు వెళ్ళాం. ఒడ్డున పడవలు, ఇసుక మీద పరచిన ఎండుచేపలు, వాటి మధ్య కాకుల్ని తోలుతున్న ఒక ముసలామె. మేం మిరపకాయలు ఆరబోసినట్టే ఆమె చేపలు ఆరబోసింది, అదే ఒద్దికతో, అదే వంగిన నడుముతో.

"మీదేవూరమ్మా?" అంది.

"మార్కాపురం అవతల."

"అక్కడ నీళ్ళుండవంటగా?"

"ఉండవు."

"ఇక్కడున్నయ్ చూడు, తాగను పనికిరావు" అని నవ్వింది.

వారాంతం కాకపోయినా కార్లలో వచ్చినవాళ్ళు కొందరు ఉన్నారు. వేయించిన చేప ముక్క ఎనభై అంటే నలుగురం ఒకటి పంచుకున్నాం. మావాళ్ళు చీరలు ఎగగట్టి నీళ్ళలోకి దిగి చిన్నపిల్లల్లా అరిచారు. నేను దిగలేదు. పాపను గట్టిగా పట్టుకుని దూరంగా కూర్చున్నాను. ఒక్కొక్కరి తలా లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. అల వచ్చినప్పుడల్లా లెక్క తప్పేది, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. సుబ్బులు చిన్నత్త తడి చీరతో వచ్చి నా పక్కన కూలబడింది. ఇంకా ఆయాసపడుతోంది.

"మేస్త్రి పని నాకిస్తే బాగుండునని ఎన్నేళ్ళు ఏడ్చానో తెలుసా?" అంది.

"తీసుకో చిన్నత్తా. నావల్ల కాదు."

"ఇప్పుడా? వద్దమ్మా. ఆసుపత్రి వరండాలో నీ మొఖం చూశా." పాప బుగ్గ గిల్లి లేచిపోయింది.

మళ్ళీ ఆ చేను దగ్గర

పక్క చేనైనా అడుగుదామని, ఎల్లుండి దాకా ఆగకుండా మర్నాడే గట్టు మీదికి వెళ్ళాం. రైతు లేడు. చేలో అప్పటికే మనుషులున్నారు. వేరే ముఠా. సగం సాళ్ళు కోసేశారు. ఎండిన ఆకును బట్టి చూస్తే ముందు రోజే దిగినట్టున్నారు. మేం వద్దన్న చోట, వద్దన్న రోజున. గట్టు చివర ఇద్దరు చిన్నపిల్లలు కోసిన కాయలతో ఆడుకుంటున్నారు.

 నేను ఎలా వెళ్ళానో తెలియదు, ఆ ముఠా మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. నా వయసే ఉంటుంది. తువ్వాలు కిందికి లాగి నన్ను చూసింది.

"అక్కా, ఈ చేనికి మందు కొట్టారు. ఇంకా ఆరలేదు. మాలో ఒకామె ఆసుపత్రి పాలైంది."

"తెలుసమ్మా" అంది.

నేను గట్టు చివరి పిల్లల వైపు చూశాను.

"అడిగాంలే మేమూ. నిన్న దిగకపోతే వారం నుంచీ ఖాళీయే మాకు." చెయ్యి చాపి చేను అవతలి వైపు చూపించింది. "అటు సాళ్ళు మిగిలినయ్. మేం చాలటల్లా. పనుంటే దిగండి, ఆయన ఏమనడు."

ఆమె ఆ మాట మంచికే అంది. వెనక్కి వచ్చి మావాళ్ళకు ఉన్నదంతా చెప్పాను. మందు సంగతీ చెప్పాను, మిగిలిన సాళ్ళ సంగతీ చెప్పాను. దాచి ఉంటే బాగుండేదేమో, ఇప్పటికీ తెలియదు.

"నేను దిగను. మిమ్మల్నీ దిగొద్దంటున్నా. వేరే చేను వెతుకుదాం" అన్నాను.

"ఎక్కడ?" అంది ఒకామె.

 కొంతమంది నా వైపు జరిగి నిలబడ్డారు. మిగతావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తువ్వాళ్ళు చుట్టుకున్నారు. అందరికన్నా ముందు కదిలింది సుబ్బులు చిన్నత్త.

"చిన్నత్తా, నువ్వు మాత్రం వద్దు" అని చెయ్యి పట్టుకున్నాను. ఇంకా సూది గుర్తులు మానని చెయ్యి.

"మా ఇంటాయనకు ఫోన్ చేశానే. రెండు రోజులు పనిలేదంటే ఆయన అన్న మాటలు నువ్వు ఇనలా." మెల్లగా చెయ్యి విడిపించుకుంది. "నువ్వు అడిగావు. చాల్లే. నా మీద బెంగపెట్టుకోమాక."

ఆమె సాళ్ళలోకి వెళ్ళిపోతుంటే ఆపాలంటే ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. రైతును అడగటం కష్టమనుకున్నాను. అడిగాక కూడా ఇదే జరుగుతుందని ముందే తెలిసుంటే అడిగేదాన్నా? ఈ ప్రశ్నతో ఇంటికొచ్చాక కూడా నిద్ర పట్టటం లేదు.

నాతో ఉన్నవాళ్ళను పాకకు పొమ్మంటే పోలేదు. అందరం కలిసి పంపు దగ్గర నుంచి బిందెలతో నీళ్ళు మోసి గట్టు మీద పెట్టాం. నా రెండు సబ్బులూ తీసి ముక్కలు చేశాం. ఆ రెండో ముఠా పిల్లలను ఎత్తుకొచ్చి పాపతో పాటు మా దగ్గర కూర్చోబెట్టుకున్నాం. ఎండలో, ఏ పనీ లేకుండా, వంగిన వీపుల్ని చూస్తూ కూర్చున్నాం. ఎవరైనా ఒక్క క్షణం ఎక్కువసేపు వంగి ఉంటే లేచి నిలబడేదాన్ని.

పొద్దు వాలాక వాళ్ళు వచ్చారు. మావాళ్ళూ, వాళ్ళూ కలిసి. వరసగా చేతులు చాపితే నీళ్ళు పోశాను. సుబ్బులు చిన్నత్త చివర వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చూపు ఆనుతోందా అని అడిగితే, నీ ముక్కు కనపడతా ఉందిలే అంది. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది.

"తిట్టవేం? మేస్త్రివి గదా."

నాకు తిట్టాలనిపించలేదు. ఏమీ అనిపించలేదు. చెంబు వంచాను. నురగ జారి నల్లమట్టిలో ఇంకిపోయింది. ఆమె చేతులు ఇంకా చాపే ఉంచింది.

"ఇంకో చెంబు పొయ్యవే" అంది. "రేపు కూడా ఉంటావా ఇక్కడ?"

ఉంటానన్నాను.